ఆయన చెక్కిన పూలు, ఆవిడ కుట్టిన ఒర

బెల్టు కొన్నా, పర్సు కొన్నా, చెప్పులు కొన్నా మనం ముందు చూసేది రంగు. ఆ తరవాత ధర. జిప్పు ఉంటే అది సరిగా పడుతుందో లేదో నాలుగుసార్లు లాగి చూస్తాం. అంచు వైపు చూసేవాళ్లు నూటికి ఒకరుంటే గొప్పే. అదే పట్టుచీరైతే అంచు చూడకుండా బేరం మొదలుపెట్టం కదా! తోలు వస్తువుకీ అంతేనండీ. పైన మెరుగు ఎవరైనా పూస్తారు. కోసిన చోట, రెండు పొరలు కలిసిన చోట ఏం చేశారన్నది చూడండి. ఆ చేతికి పని ఎంతవరకు వచ్చో అక్కడ తెలిసిపోతుంది.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక తుపాకీ ఒర గురించి. మహిళల పేజీలో తుపాకీ ఏమిటని కంగారుపడకండి. మా ఇంట్లో తుపాకీ లేదు, కొనే ఉద్దేశమూ లేదు. కత్తికి ఒర ఉన్నట్టే రివాల్వర్‌కీ నడుముకు తగిలించుకునే తోలు ఒర ఉంటుంది. దాన్ని హోల్‌స్టర్ అంటారు. దాని మీద పూలూ తీగలూ చెక్కడం అమెరికాలో గుర్రాల జీనులు చేసేవాళ్ల నుంచి వచ్చిన విద్య. మేముండేది టెక్సాస్‌లో, ఫోర్ట్‌వర్త్ ఊరికి దగ్గర్లో. పశువుల మందలకు, కౌబాయ్‌లకు పేరుపడ్డ ఊరది. తోలు పనివాళ్లకు సరుకులమ్మే టాండీ కంపెనీ పుట్టింది కూడా ఇక్కడే, 1919లో. ఆడవాళ్లకు సంబంధించిన ముచ్చట ఇంకోటుంది. గుర్రపుస్వారీలోనూ, పశుపోషణలోనూ, గురిచూసి కాల్చడంలోనూ పేరు తెచ్చుకున్న స్త్రీల కోసం ఇక్కడ ఒక పెద్ద మ్యూజియమే ఉంది. దాని పేరు నేషనల్ కౌగర్ల్ మ్యూజియం. ఇటువైపు వచ్చినవాళ్లు దాన్ని చూడకుండా వెళ్లొద్దు.

నేను ఈ దేశానికి వచ్చింది 2009లో, మావారి ఉద్యోగం వెంట. నాది హెచ్-4 వీసా. అంటే ఉద్యోగం చెయ్యకూడదు, ఏదైనా చేసి అమ్ముకోకూడదు. పిల్లాడు బడికి వెళ్లాక పొద్దు గడవక, ఓ తోలు సామాన్ల దుకాణంలో శనివారాలు నేర్పే క్లాసుకి వెళ్లాను. మొదట్లో కాలక్షేపమే. ఆరేళ్లపాటు చేసినవన్నీ చుట్టాలకీ స్నేహితులకీ పంచిపెట్టేదాన్ని. 2015లో రూలు మారి, గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటినవాళ్ల భార్యలకు, భర్తలకు పని చేసుకునే అనుమతి ఇవ్వడం మొదలైంది. అప్పటి నుంచీ బెల్టులు, కళ్లజోడు పెట్టెలు, కత్తెర ఒరలు చేసి అమ్ముతున్నాను. ఇప్పుడు నా దగ్గరా కొందరు నేర్చుకుంటున్నారు.

మా ఎదురింటి పెద్దావిడకి డెబ్భై ఒకటి. కిందటేడు చలికాలంలో ఆమె భర్త పోయారు. ఓ రోజు ఆవిడ పాత తువ్వాలులో చుట్టుకుని ఒక ఒర తెచ్చి మా వంటింటి గట్టు మీద పెట్టింది. పాతకాలపు కౌబాయ్ సినిమాల్లో కనిపిస్తుందే, 1873 నాటి కోల్ట్ నమూనా రివాల్వర్, దానికి సరిపోయే ఒర. ఆమె భర్త తోలు కోసి, దాని మీద గులాబీలు, ఆకులు, తీగలు గీసి కత్తితో గాట్లు పెట్టారు. సగం వరకు సుత్తి పని కూడా చేశారు. ఆ తరవాత జబ్బు ముదిరి చేతులు వణకడం మొదలైంది. అక్కడితో ఆగిపోయింది. ఆయన పోయాక ఈవిడే మడిచి, ఫోటోలు చూసి కుట్టేసింది. మనవరాలికి ఇరవై ఒకటో పుట్టినరోజుకి తాతగారి రివాల్వర్‌తోపాటు ఇవ్వాలని ఆవిడ ఆశ. ఆ అమ్మాయి పాతకాలం దుస్తులు వేసుకుని కౌబాయ్ పోటీల్లో గురిచూసి కాలుస్తుందిలెండి.

“అంచులు ఇలా నోళ్లు తెరుచుకున్నాయి. పూలేమో గోడ మీద పెన్సిలు గీతల్లా ఉన్నాయి. దీన్ని బాగుచెయ్యగలవా?” అని అడిగింది. ఆ వెంటనే, “ఆయన గీతలు మాత్రం పోకూడదు” అంది.

చిక్కంతా ఆ రెండో మాటలోనే ఉంది. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. రంగు నచ్చకపోతే ముదురు రంగు పూసుకోవచ్చు. తోలు మీద పడ్డ గాటు మాత్రం పూడదు. పోనీ ఇంకో ముక్క కోద్దామంటే అది ఆయన చెయ్యి కాదు. ఉన్నది ఒక్కటే ముక్క, ఒక్కటే అవకాశం.

నీటిచుక్క పరీక్ష

ఏ తోలైనా చేతికి రాగానే నేను చేసే మొదటి పని, ఓ మూల నీటిచుక్క వెయ్యడం. చుక్క వెంటనే ఇంకి ఆ చోటు నల్లబడితే అది చెట్టు బెరడుతో శుద్ధి చేసిన తోలు, పైన నూనె గానీ వార్నిష్ గానీ పడలేదన్నమాట. చుక్క ముత్యంలా నిలబడితే అది క్రోమ్ ఉప్పులతో శుద్ధి చేసినదైనా కావాలి, పైన పూతైనా ఉండాలి. ఈ తేడా ఎందుకంటే, చెక్కడానికైనా, అంచు నునుపు తేలడానికైనా బెరడు తోలే పనికొస్తుంది. అది తడిస్తే మెత్తబడి, ఒత్తిన చోట ఒత్తినట్టు ఆరి గట్టిపడుతుంది. అంచుని తడిపి రాస్తే లోపలి పోగులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. క్రోమ్ తోలు సోఫాలకీ జాకెట్లకీ బ్రహ్మాండంగా ఉంటుంది గానీ, దాని అంచుని ఎంత రాసినా దూదిలా లేస్తూనే ఉంటుంది.

ఆవిడ తెచ్చిన ఒర మీద చుక్క ఇట్టే ఇంకింది. నాకు సగం బరువు దిగింది. “నూనె రాశారా?” అని అడిగితే, “రాద్దామనుకున్నాను, సీసా మూత రాలేదు” అంది. ఆ మూత బిగుసుకోవడమే మంచిదైంది. నూనె పట్టిన తోలు నీళ్లు సరిగా పీల్చదు, చెక్కుడు నిలవదు.

ఈ బెరడు తోలు మనకు కొత్తేమీ కాదు. బతుకమ్మలో పేర్చుకునే తంగేడు లేదూ, తెలంగాణ రాష్ట్ర పుష్పం, దాని చెక్కతోనే దక్షిణాదిన తరతరాలుగా తోళ్లు ఊరబెట్టారు. చివర్లో కరక్కాయ నీళ్లు పడితే లేత రంగు తేలుతుంది. ఆ పద్ధతిలో తిరుచ్చి, దిండిగల్, ఈరోడ్ వైపు తయారైన సరుకునే ఈస్టిండియా లెదర్ అంటారు. దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. చెన్నైలో 1948 నుంచీ తోలు మీద పరిశోధనలు చేసే కేంద్ర సంస్థే నడుస్తోంది. అయినా మన ఊళ్లలో తోలు పని అంటే ముఖం తిప్పుకోవడం ఇంకా పోలేదు. నేను క్లాసులో చేరానని ఫోన్లో చెబితే మా అమ్మ కాసేపు మాట్లాడలేదు. “అంత చదువు చదివి తోలు పనా?” అంది చివరికి. మా అమ్మమ్మగారి ఊళ్లో కపిల బావికి తోలుసంచి కుట్టి ఇచ్చేవాడు ఓ పెద్దాయన. ఆ సంచి నీళ్లతో పది కుటుంబాల చేలు పండేవి. ఆయన మాత్రం మా గడప లోపలికి వచ్చింది లేదు, రానిచ్చిందీ లేదు. నీటి బరువు మోస్తూ రోజంతా బావిలోకి దిగి పైకొచ్చే సంచికి కుట్టు ఊడకుండా అంచు కట్టడమంటే మాటలు కాదని, ఆరె చేతపట్టాక గానీ నాకు తెలియలేదు.

తోలు బొమ్మలకు పేరుపడ్డ అనంతపురం వైపు నిమ్మలకుంటలో ఆడవాళ్లు కూడా ఈ పనిలో ఉన్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అయితే వాళ్ల పని వేరు. మేకతోలుని వెలుగు దూరేంత పల్చన చేసి, నగల చోట చిల్లులు పొడిచి రంగులేస్తారు. ఇక్కడివాళ్లది తోలు మందంలోనే ఎత్తుపల్లాలు తెచ్చే పని. ఒకటి వెనక దీపం పెట్టి చూడాలి, ఇంకొకటి పక్క నుంచి వెలుతురు పడేలా చూడాలి.

గాటు లోతు, సుత్తి దెబ్బ

మొదట కుట్లన్నీ విప్పేశాం. ఆవిడ జిగురు వాడకుండా కుట్టేయడం వల్ల తోలుకి దెబ్బ తగలకుండా విడివడింది. పరిచి బల్ల మీద పెట్టి, కిటికీ పక్కన ఆయన పని జాగ్రత్తగా చూశాను. మంచి చెయ్యి. పూలు చిన్నచిన్న వలయాల్లో దగ్గరదగ్గరగా, ఒక తీగలోంచి ఇంకో తీగ పుడుతూ ఉన్నాయి. వయోమింగ్ రాష్ట్రంలోని షెరిడాన్ ఊరి పేరుతో పిలుస్తారు ఈ బాణీని. అక్కడ జీనులు చేసే డాన్ కింగ్ దీన్ని ఊరూరా తెలిసేలా చేశాడు. మన ముగ్గులో మెలికల ముగ్గు ఉందే, గీత ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో కంటికి అందదు, అలా ఉంటుంది.

పూలు గీతల్లా చదునుగా కనిపించడానికి కారణాలు మూడు. ఒకటి, గాట్లు కొన్నిచోట్ల లోతు చాలలేదు. తోలు మందంలో మూడోవంతు నుంచి సగం దాకా గాటు దిగాలి. ఈ తోలు మూడున్నర మిల్లీమీటర్లుంది కాబట్టి ఒకటిన్నర దాకా దిగొచ్చు. రెండు, గాటు పక్కన అణిచే పనిముట్టుతో, అంటే బెవెలర్‌తో కొట్టిన దెబ్బల మధ్య ఎడం ఎక్కువైంది. అందుకని మెట్లుమెట్లుగా కనిపిస్తోంది. మూడు, పువ్వుకీ పువ్వుకీ మధ్య ఖాళీని అసలు కిందికి అణచలేదు. నేల దిగితేనే పువ్వు పైకి లేస్తుంది. పువ్వుని ఎవరూ పైకి లేపలేరు.

తోలుని తడపడమే సగం విద్య. బకెట్లో ముంచి తీసి వెంటనే కొట్టడం మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. అలా చేస్తే ముద్ర పడినట్టే పడి, గంటలో ఉబ్బి చెరిగిపోతుంది. స్పాంజితో రెండువైపులా తడిపి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి రాత్రంతా ఉంచాలి. పొద్దున తీసి, పై రంగు మళ్లీ పొడి తోలు రంగుకి వస్తున్న వేళ మొదలుపెట్టాలి. లోపల తేమ ఉంటుంది, పైన ఉండదు. చెంపకి ఆనిస్తే చల్లగా తగులుతుంది. అరిసెల పాకం పట్టేవాళ్లకు ఈ వేళ గురించి వేరే చెప్పక్కర్లేదు. ముందైతే జారుతుంది, ఆలస్యమైతే బిగుస్తుంది. అప్పుడు దెబ్బ పడిన చోట తోలు ముదురు గోధుమరంగుకి తిరుగుతుంది. ఆ రంగు వచ్చిందంటే తేమ సరిగా ఉన్నట్టు.

గాట్లు మళ్లీ పెట్టడానికి నేను చాలా వెనకాడాను. పాత గాటులో కత్తి సరిగ్గా పడకపోతే పక్కన ఇంకో గీత లేస్తుంది. స్వివెల్ నైఫ్ అని, పైన చూపుడువేలు ఆన్చి, బొటనవేలితో తిప్పుతూ లాగే కత్తి ఉంటుంది. దాన్ని పదును పెట్టడంకన్నా తోలు ముక్క మీద మెరుగు ముద్ద రాసి నూరడం ముఖ్యం. నున్నగా లేని కత్తి తోలుని ఈడుస్తుంది. పాత ముక్కల మీద ఆయన తీగల్నే పదిసార్లు గీసి చెయ్యి కుదిరాక, లోతు చాలని పన్నెండు చోట్ల మాత్రం ఒక్కోసారి గీశాను. మిగతా గాట్ల జోలికి పోలేదు.

తరవాత బెవెలర్ పని. పనిముట్టుని ఒక దెబ్బకి సగం వెడల్పే జరపాలి. సుత్తి చిన్న దెబ్బలు టకటకా పడుతూ ఉండాలి, పనిముట్టు చీమ నడిచినట్టు జరుగుతూ ఉండాలి. ఇనప సుత్తి వద్దు. పచ్చితోలు చుట్టిన సుత్తి గానీ ప్లాస్టిక్‌ది గానీ వాడాలి. కింద గట్టిగా, బరువుగా ఉండాలి. వంటింటి గట్టు వేసినప్పుడు మిగిలిన గ్రానైట్ ముక్క నాకు పదేళ్లుగా పనిబల్ల. పువ్వు ఉన్నవైపు కొట్టకూడదు, గాటుకి బయటివైపే కొట్టాలి. ఏ ఆకు పైన, ఏది కింద అని ముందే అనుకోవాలి. ఆయన మెట్లుమెట్లుగా వదిలిన చోట అదే దారిలో రెండోసారి నడిపితే, మెట్లు కరిగి నున్నటి వాలు తేలింది. ఆ తరవాత పూల మధ్య నేలని చిన్న గింజల ముద్రతో అణిచాను. రేకుల మధ్య పియర్ పండు ఆకారపు పనిముట్టుతో పల్లం తీశాను. చివర్న రేకుల మీద వెంట్రుకలాంటి గీతలు. ఇవి అలంకారం గాట్లు. మొదట బరువుగా దిగి, చివరికి వచ్చేసరికి గాలిలోకి లేచిపోవాలి. ఇక్కడే చెయ్యి తెలుస్తుంది.

ఒక సంగతి దగ్గర మాత్రం మా ఇద్దరికీ పడలేదు. ఒర అడుగున చివరి గులాబీ ఒకటుంది. ఆయన చివరగా గీసింది అదే. రేకుల అంచు వణికింది. నేను దాన్ని సరిచేస్తానన్నాను, పది నిమిషాల పని. ఆవిడ ఆ పువ్వు మీద అరచెయ్యి పెట్టి, “దీన్ని వదిలెయ్” అంది. మిగతా పూలన్నీ లేచి నిలబడితే ఇదొక్కటే చదునుగా ఉంటుంది, చూసేవాళ్లు పని పూర్తికాలేదనుకుంటారని చెప్పాను. “అనుకోనీ” అంది. పనిమంతురాలిగా నాకిప్పటికీ అది ఒప్పుకోబుద్ధి కాదు. కానీ ఒర ఆవిడది. వదిలేశాను.

ఇదే చోట ఓ జాగ్రత్త చెప్పాలి. తడి తోలుకి ఇనుము తగిలితే నీలినల్ల మచ్చ పడుతుంది. బెరడులోని వగరు ఇనుముతో కలిసి చేసే పని అది. సూది, గుండుసూది, చేతిగాజు, ఏది తగిలినా సరే. మచ్చ పడితే కొద్దిగా నిమ్మరసం రాసి, వెంటనే మంచినీళ్లతో తుడిస్తే చాలావరకు పోతుంది.

అంచు ఒక్కటి కావాలంటే

ఇక అంచు. ఆవిడ ఒర నోళ్లు తెరుచుకోవడానికి ఒకే కారణం. పొరల మధ్య జిగురు లేదు. కుట్టు పొరల్ని పట్టుకుని ఉంటుందే తప్ప ఒకటి చెయ్యదు. కజ్జికాయ అంచు తడి చెయ్యకుండా మడిచామనుకోండి, ఎంత అందంగా మెలికపెట్టినా నూనెలో విచ్చుకుంటుంది. ఇదీ అంతే.

జిగురు పెట్టేముందు చేసితీరాల్సిన పని ఒకటుంది. చాలామంది దీన్ని మరిచిపోతారు. ఒర మూతి, బెల్టు దూరే చీలికలు, వెనక మడత లోపలి అంచు, ఇవన్నీ కుట్టు పడ్డాక చేతికి అందవు. వాటి అంచులు ముందే నున్నగా తేల్చేయాలి.  బెల్టు చీలిక రెండు కొసల్లోనూ గుండ్రటి చిల్లు ఉందో లేదో కూడా చూసుకోవాలి. సూటిగా ఆగిన చీలిక వాడకంలో అక్కడి నుంచే చిరుగుతుంది. ఆయన ఆ చిల్లులు వేసే ఉంచారు.

కుట్టు వచ్చే వైపు రెండు పొరల మధ్యా ఒక సన్నటి తోలు పట్టీ పెట్టాను. రివాల్వర్ లోపలికీ బయటికీ వస్తూ పోతూ ఉంటే దారాన్ని ఒరుసుకోకుండా అది అడ్డం ఉంటుంది. అతికే చోట తోలుని గరుకుగా గీకి, రెండువైపులా జిగురు రాసి, చేతికి అంటీఅంటనట్టు ఆరాక అదిమితే ఇక వదలదు. ఒక్కసారి ఆనిందంటే మళ్లీ జరపలేం. అందుకని పాత కుట్టు చిల్లుల్లోంచి రెండు సూదులు దూర్చి, సరిగ్గా వరస కుదిర్చి అతికించాను. తరవాత ఆరెతో మధ్య పట్టీకి చిల్లులు పొడిచి, మైనం పట్టిన నార దారంతో రెండు సూదుల కుట్టు వేశాను. ఒకే చిల్లులోంచి రెండు సూదులూ ఎదురెదురుగా వెళ్తాయి. మధ్యలో ఒక పోగు తెగినా మిగతాది విడదు. ఆవిడ చిల్లులు కొన్ని దగ్గర, కొన్ని దూరం. అవి ఆవిడవి, అలాగే ఉంచాను.

కుట్టుకీ అంచుకీ మధ్య ఉన్నది నాలుగు మిల్లీమీటర్లే. సాధారణంగా మనమే కోసుకుంటే అంచు సరిచేయడానికి మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచుకుంటాం. ఇక్కడ ఆ వీలు లేదు. ఒక మిల్లీమీటరుకి మించి తీస్తే కుట్టు బలం పోతుంది. మిషను వాడితే క్షణంలో దాటిపోతుందని, చెక్కముక్కకి ఉప్పు కాగితం చుట్టి చేత్తోనే రాశాను. మొదట 120 నంబరు, తరవాత 220, 400, 600. 120 దగ్గరే ఓపిక పట్టాలి. పొరల మధ్య గీత అక్కడ మాయమవ్వాలి. అక్కడ మిగిలిన గుంట చివరిదాకా మిగులుతుంది, పైన ఎంత మైనం పూసినా దాగదు.

ఈ దశలో ఒర లోపల మాత్రం తడిపి, ప్లాస్టిక్ నకలు రివాల్వర్‌ని పెట్టి ఒక రోజు ఆరనిచ్చాను. అసలు ఆయుధాన్ని ఎప్పుడూ తడి తోలులో పెట్టకూడదు, పని చేసేచోట అసలు ఉండకూడదు. పైవైపు తడిపితే చెక్కుడు చదునైపోతుంది.

అంచు మొనల్ని ఎడ్జ్ బెవెలర్‌తో రెండువైపులా సన్నగా తీసేశాక గుండ్రంగా వస్తుంది. ఇప్పుడు నలుపు కావాలి. దీనికి ఇక్కడివాళ్ల చిట్కా చూసి నాకు నవ్వొచ్చింది. వెనిగర్‌లో ఇనప పీచు వేసి వారాలపాటు నానబెడతారు. ఆ నీళ్లు బెరడు తోలుకి తగిలితే కళ్లముందే నల్లబడుతుంది. పైన పూసిన రంగు కాదు కాబట్టి చేతికి అంటదు. మన శ్రీకాళహస్తి కలంకారీవాళ్లు ఇనప ముక్కలు, బెల్లం నానబెట్టిన నీళ్లతో కరక్కాయ పట్టిన బట్ట మీద గీస్తారే, ఆ నలుపూ ఇదే నలుపు. ఆవిడకి ఆ సంగతి చెబితే, “మీ దేశంలో బెల్లం, మా దేశంలో వెనిగరా!” అని ఆశ్చర్యపోయింది. చెవిలో పెట్టుకునే దూదిపుల్లతో అంచుకి మాత్రమే తగిలించాలి. తరవాత వంటసోడా కలిపిన నీళ్లతో తుడిచి పులుపు విరగ్గొట్టాలి.

చివర్న రాపిడి. అంచుని కొద్దిగా తడిపి, ముందు దళసరి బట్టతో, తరవాత గాడి ఉన్న కర్రతో వేగంగా, తేలిగ్గా రాయాలి. బలం పెడితే అంచు పుట్టగొడుగులా పక్కలకి వాలుతుంది. వేడి పుట్టాలి. రాస్తుంటే ఒక్కసారిగా చప్పుడు మారుతుంది. గరగర పోయి జారుతున్న శబ్దం వస్తుంది. అప్పుడు తేనెమైనం రుద్ది మళ్లీ బట్టతో రాస్తే అద్దంలా తేలుతుంది. నాలుగు పక్కలా కలిపి మొత్తం రెండు సాయంత్రాలు పట్టింది. రెండో సాయంత్రం ఆవిడే రాసింది. ఆ పొరల మధ్య గీత కోసం గోరుతో వెతికింది. దొరకలేదు.

మీరు మొదలుపెట్టాలంటే

ఇదంతా చదివి తుపాకీ ఒర చెయ్యమని మిమ్మల్ని అడగనులెండి. ఇదే పని కత్తెర ఒరకీ, కళ్లజోడు పెట్టెకీ, తాళాల గుత్తికీ సరిపోతుంది. కత్తెర ఒరతో మొదలుపెట్టండి. రెండు పొరలు, ఒక కుట్టు, ఒక అంచు. పోయేది తక్కువ, నేర్చేది ఎక్కువ. చెన్నైలో పెరియమేట్ తోలు వ్యాపారానికి పాత చోటు. అటువెళ్లే చుట్టాలుంటే పూత లేని బెరడు తోలు తెమ్మనండి. నీటిచుక్క పరీక్ష చెప్పి పంపండి.

రాసే కర్ర కోసం డబ్బు తగలెయ్యక్కర్లేదు. నున్నటి అప్పడాలకర్ర చాలు. కాకపోతే అది మళ్లీ పిండి మీదికి పోకూడదు. పాత జీన్స్ గుడ్డముక్క రాపిడికి దివ్యంగా పనికొస్తుంది. రేకుల్లో పల్లం తీయడానికి స్టీలు చెంచా వెనకభాగం చాలు. స్టీలు కాబట్టి మచ్చ భయం తక్కువ. కత్తి, ఆరె, అంచు తీసే పనిముట్టు, ఈ మూడు మాత్రం మంచివే కొనండి. వీటిని చౌకగా కొంటే తోలు పాడు, వేలు కూడా పాడు. పుస్తకాలు కావాలంటే ఇంగ్లీషులో ఆల్ స్టోల్‌మన్ రాసినవి ఉన్నాయి. ఆయన 1998లో పోయినా ఈ పని నేర్చేవాళ్లందరికీ ఇంకా ఆయనే గురువు. జీనుల తయారీ మీద రాసిన పెద్ద పుస్తకాల మీద ఆయన భార్య ఆన్ పేరు కూడా ఉంటుంది. వాళ్లిద్దరి పేరు మీదే ఈ కళకి ఒక అవార్డు ఇస్తారు.

ధర విషయంలో మొహమాటపడకండి. “అంచుకి ఇంత డబ్బా?” అని అడిగేవాళ్లుంటారు. నేను నా బెల్టు ఒకటి, అంగడి బెల్టు ఒకటి పక్కపక్కన పెట్టి, కళ్లు మూసుకుని అంచు తడమమంటాను. ఆ తరవాత బేరం ఆడినవాళ్లు తక్కువ.

ఒర విషయానికొస్తే, నీట్స్‌ఫుట్ నూనె పల్చగా ఒక్క పూత పూశాం. ఆ నూనె సీసా మూత మావారు వేడినీళ్లలో పెట్టి తీశారు. లేత రంగు తోలు తేనె రంగుకి తిరిగింది. మనవరాలికి ఇచ్చేటప్పుడు చెప్పమని ఆవిడకి ఒక కాగితం మీద రాసిచ్చాను. రివాల్వర్‌ని నెలలకొద్దీ ఒరలోనే ఉంచొద్దు, తోలు తేమ పీల్చి ఇనుముకి తుప్పు పట్టిస్తుంది. ఏడాదికోసారి నూనె, అదీ రెండు చుక్కలు. తడిస్తే నీడలో ఆరబెట్టాలి, ఎండలోనూ పొయ్యి దగ్గరా కాదు.

పుట్టినరోజు అక్టోబరులో అయింది. ఆ అమ్మాయి ఒరని అటూఇటూ తిప్పి చూసి, పైనున్న పూలన్నీ వదిలేసి అడుగున ఉన్న గులాబీ మీద వేలు పెట్టి, “ఇది తాతయ్యదేనా?” అని అడిగిందట. ఇప్పుడు దానికి జతగా బెల్టు కావాలంటోంది. తోలు మిగిలింది. పూలు చెక్కడం తనకే నేర్పమని శనివారాలు వస్తోంది.